మన డిగ్రీ మన చేతిలో – 3వ పాఠం: మెమోలో దాగిన రెండు లెక్కలు

పోయిన పాఠంలో ఒక పని అప్పగించాను. మీ కోర్సు సిలబస్, మొదటి సెమిస్టర్ మెమో పక్కపక్కన పెట్టుకుని ఏ పేపరుకు ఎన్ని క్రెడిట్లో నోటుబుక్కులో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ పేజీ తెరవండి. రాయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి, ఎందుకంటే ఈ పాఠమంతా ఆ పేజీ మీదే నడుస్తుంది.

క్రెడిట్ అంటే మార్కు కాదు, కాలం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన డిగ్రీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 1 క్రెడిట్ అంటే ఒక సెమిస్టరులో 15 గంటల పాఠం. ప్రాక్టికల్స్ అయితే 30 గంటలు. సెమిస్టరు సుమారు 15 వారాలు కాబట్టి 4 క్రెడిట్ల థియరీ పేపరుకు వారానికి 4 క్లాసులు పడాలి, 1 క్రెడిట్ ల్యాబుకు వారానికి 2 గంటలు పడాలి. మీ టైంటేబుల్ తీసి సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఆ పేపరుకు ఇంటి దగ్గర ఎక్కువ కూర్చోవాల్సి వస్తుందని ఇప్పుడే తెలిసిపోతుంది, పరీక్షల ముందు కంగారు తప్పుతుంది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లని ఆ ఫ్రేమ్‌వర్క్ చెబుతుంది. మీ యూనివర్సిటీ అంకె వేరుగా ఉండొచ్చు. మీ రెగ్యులేషన్స్‌లో ఏముంటే మీకు అదే లెక్క.

ఇక లెక్కలోకి దిగుదాం. గ్రేడుకు పాయింట్లు ఇలా ఉంటాయి: ఓ – 10, ఏ ప్లస్ – 9, ఏ – 8, బీ ప్లస్ – 7, బీ – 6, సీ – 5, పీ – 4, ఎఫ్ – 0. ఒక విద్యార్థి మొదటి సెమిస్టర్ ఇలా ఉందనుకోండి.

మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మొదటి పేపర్: 4 క్రెడిట్లు, ఏ. 4 × 8 = 32
మేజర్ రెండో పేపర్: 4 క్రెడిట్లు, బీ ప్లస్. 4 × 7 = 28
మైనర్ (రెండో సబ్జెక్టు): 4 క్రెడిట్లు, బీ. 4 × 6 = 24
ఇంగ్లిష్: 3 క్రెడిట్లు, ఏ ప్లస్. 3 × 9 = 27
తెలుగు: 3 క్రెడిట్లు, ఏ. 3 × 8 = 24
స్కిల్ కోర్సు: 2 క్రెడిట్లు, ఓ. 2 × 10 = 20

మొత్తం పాయింట్లు 155, మొత్తం క్రెడిట్లు 20. భాగిస్తే 7.75. అదే ఎస్‌జీపీఏ, అంటే ఆ ఒక్క సెమిస్టరు సగటు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని మైనర్‌ను బీ నుంచి బీ ప్లస్‌కు మార్చండి. 4 పాయింట్లు పెరిగి 7.95 అవుతుంది. అలా కాకుండా మైనర్‌ను మళ్లీ బీకే తెచ్చి, తెలుగును ఏ నుంచి ఏ ప్లస్‌కు మారిస్తే పెరిగేది 3 పాయింట్లే, 7.90 దగ్గర ఆగుతుంది. ఒక్క మెట్టు ఎక్కడానికి రెండింటికీ ఒకే కష్టం పడితే, ఎక్కువ క్రెడిట్లున్న బరువైన పేపర్ ఎక్కువ ఇస్తుంది. ఇది మొదటి లెక్క. పిల్లలు దీన్ని త్వరగానే పట్టేస్తారు. పట్టేసి, 2 క్రెడిట్ల పేపర్లను పక్కన పడేస్తారు.

అక్కడే దెబ్బ తింటారు. ఎస్‌జీపీఏ పేపరు బరువును చూస్తుంది గానీ, పట్టా ఆ బరువు చూడదు. పట్టా చేతికి రావాలంటే ప్రతి పేపరూ పాసవ్వాలి. 2 క్రెడిట్ల పేపర్ తప్పినా, 4 క్రెడిట్ల పేపర్ తప్పినా డిగ్రీ ఒకేలా ఆగిపోతుంది. ఇది రెండో లెక్క. పై ఉదాహరణలో స్కిల్ కోర్సుకు ఓ బదులు ఎఫ్ వేసి చూడండి: 135ని 20తో భాగిస్తే 6.75. చిన్న పేపరే గానీ పూర్తిగా ఒక పాయింటు పోయింది. అసలు పేపర్ తప్పితే ఎస్‌జీపీఏ వేయని యూనివర్సిటీలూ ఉన్నాయి.

నా క్లాసులో ఒకమ్మాయి మేజర్ పేపర్లన్నింట్లో మంచి గ్రేడ్లు తెచ్చుకుంది. ఆఖరి ఏడాది దాకా మిగిలిపోయింది పర్యావరణం పేపర్ ఒక్కటే. సప్లిమెంటరీ రాసి పాసైంది, కానీ ఆ ఫలితం వచ్చేసరికి పీజీ కౌన్సెలింగ్ ముగిసింది. ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ పేపరుకు నాలుగు ఆదివారాలు కేటాయించి ఉంటే సరిపోయేది. ఆ సంగతి మొదటి ఏడాదిలోనే గట్టిగా చెప్పలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పాఠాన్ని ఇంత ముందుగా పెట్టాను.

కాబట్టి నోటుబుక్కు పేజీలో పేపర్ల పక్కన రెండు గీతలు గీసి రెండు గళ్లు చేయండి. మొదటి గడిలో ఇంటర్నల్స్ మార్కులు చూసుకుని, పాసవ్వడానికి సెమిస్టర్ పరీక్షలో ఇంకా ఎన్ని కావాలో రాయండి. ఆ సెమిస్టర్ పరీక్షకు విడిగా కనీస మార్కులు ఉంటాయేమో రెగ్యులేషన్స్‌లో చూడటం మరవద్దు. రెండో గడిలో ఒక్క గ్రేడు పెరిగితే ఎన్ని పాయింట్లు వస్తాయో రాయండి. వారం మొదట్లో చదువు గంటలను ముందు మొదటి గడిని బట్టి పంచండి. గండం గట్టెక్కిన తరవాతే రెండో గడి. పొద్దున పాల ప్యాకెట్లు వేసో, సాయంత్రం షాపులో పనిచేసో చదువుకునేవాళ్లకు గంటలు తక్కువ ఉంటాయి. వాళ్లకు ఈ వరస మరీ అవసరం.

సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపిన సగటు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండు ఎస్‌జీపీఏలు కూడి రెండుతో భాగిస్తారు. మొదటి సెమిస్టర్ 20 క్రెడిట్లకు 7.75, రెండోది 24 క్రెడిట్లకు 6.5 అనుకుందాం. కూడి సగం చేస్తే 7.125 వస్తుంది. అసలు లెక్క మాత్రం 155కు 156 కలిపి 44తో భాగించడం. జవాబు 7.07. ఉద్యోగానికి 7.1 కావాలని అడిగిన చోట ఈ తేడా చిన్నది కాదు.

శాతంలోకి మార్చేటప్పుడు 9.5తో గుణించకండి. అది ఒకప్పుడు సీబీఎస్‌ఈ పదో తరగతికి పెట్టిన పద్ధతి. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్‌లో సీజీపీఏ నుంచి 0.5 తీసి 10తో గుణిస్తారు. మీ యూనివర్సిటీ సూత్రం మెమో వెనకో రెగ్యులేషన్స్‌లోనో వెతకండి.

ఈ వారం అభ్యాసం: ఒక సెమిస్టరులో 4 క్రెడిట్ల పేపర్లు మూడు, గ్రేడ్లు బీ ప్లస్, బీ, ఏ. 3 క్రెడిట్లవి రెండు, ఏ, బీ ప్లస్. 2 క్రెడిట్లవి రెండు, ఒకదానికి ఏ ప్లస్, ఇంకోదానికి ఎఫ్. ఎస్‌జీపీఏ కట్టండి. తరవాత ఆ ఎఫ్‌ను పీ చేసి మళ్లీ కట్టండి. మొదటి జవాబు 7కు లోపు, రెండోది 7 పైన వస్తే మీ లెక్క దారిలో ఉన్నట్టే. వచ్చే పాఠంలో ఈ జవాబులు సరిచూసుకుని, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో చేసిన కోర్సుల క్రెడిట్లను మన మెమోలోకి ఎలా తెచ్చుకోవాలో నేర్చుకుందాం.