మే నెలలో ఆంటారియో సరస్సు: ట్రౌట్, సాల్మన్, బాస్ చేపల వేట

మే నెలలో, అమెరికా–కెనడా సరిహద్దులోని ఆంటారియో సరస్సు నడిమధ్య నీరు ఇంకా బాగా చల్లగానే ఉంటుంది. ఒడ్డు వెంబడి, వాగులు వచ్చి కలిసే చోట ముందుగా వేడెక్కుతుంది. బ్రౌన్ ట్రౌట్ కోసం అక్కడే, 6 నుంచి 15 అడుగుల లోతులో, మురికి నీరూ తేట నీరూ కలిసే గీత వెంట వెళ్లండి. తెల్లవారుజామే మేలు. ఎండెక్కాక తేట నీటిలో చేప పడవకు బెదురుతుంది. అందుకే 4 అంగుళాల స్టిక్‌బెయిట్‌కు (సన్నని చిన్న చేపలా ఉండే కృత్రిమ ఎర) 80–100 అడుగుల దారం వదిలి, ప్లేనర్ బోర్డుతో (దారాన్ని పక్కకు లాగే తేలే పలక) పడవకు దూరంగా పక్కకు లాగించాలి. వేగం గంటకు 2 మైళ్లు, కొసన 10 పౌన్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం (నీటిలో అంతగా కనిపించదు).

వదిలేముందు ప్రతి ఎరనూ పడవ పక్కనే లాగి చూడండి. ఎడమకు పోతుంటే, దారం కట్టే రింగును ప్లయర్‌తో కుడివైపుకు వెంట్రుకవాసి వంచండి. ఎక్కువ వంచితే ఊడిపోతుంది. వంకరగా ఈదే ఎర పక్క దారాలన్నిటినీ చిక్కుపెడుతుంది.

చినూక్ సాల్మన్ తనకు ఆహారమైన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపల గుంపుల వెంట తిరుగుతుంది. నయాగరా నది సరస్సులో కలిసే వైపు, 60–100 అడుగుల నీటిలో, డౌన్‌రిగ్గర్‌కు (బరువుతో ఎరను కోరిన లోతుకు దించే సాధనం) స్పూన్ అనే మెరిసే లోహపు ఎర కట్టి దించండి.

స్మాల్‌మౌత్ బాస్ గూడు కట్టే కాలమిది. కాపలా ఉన్న మగచేపను పట్టి తీస్తే రౌండ్ గోబీ అనే చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. గూటి మీదున్నదాని జోలికి వెళ్లకండి. న్యూయార్క్ వైపు బాస్‌ను ఇంటికి తీసుకెళ్లే సీజన్ జూన్ 15నే మొదలవుతుంది.