టీ-55 ట్యాంక్ మోడల్, మన వైజాగ్ తేమలో

1971 యుద్ధంలో మనవాళ్లు వాడిన టీ-55, 1/35 స్కేల్ (అసలుదానిలో 35వ వంతు) ప్లాస్టిక్ కిట్ అయితే మొదటిసారికి బాగుంటాది, బాడీ సుమారు 18 సెంటీమీటర్లు, చదువుకునే బల్ల మీద సరిపోద్ది. ఫ్రేముకి అతుక్కుని వచ్చే ముక్కల్ని చేత్తో విరిచెయ్యకండి, నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) కాస్త ఎడంగా కట్ చేసి మిగిలింది గరుకు కాయితంతో అరగదియ్యాలి. చక్రాలు పక్కకి ఐదు, మొదటిదానికీ రెండోదానికీ మధ్య గ్యాప్ ఎక్కువుంటాది, కంగారుపడకండి, అసలు ట్యాంకే అంత. ట్రాక్‌ని, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీని, పైన మోసే రోలర్లు ఉండవు కాబట్టి దాన్ని బిగించి లాగొద్దు, బట్టలారేసే తాడులాగా కొంచెం జారి చక్రాల మీదకి వాలాలి, ఈ ఒక్కటి కుదిరితే సగం పనైపోయినట్టే.

పెయింట్‌కి ముందు సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరాక ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పూత), ఆ తర్వాత ఆలివ్ గ్రీన్ పల్చగా రెండు మూడు పూతలు. చివర్లో కొట్టే మాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) స్ప్రే మాత్రం ముసురు రోజున కొట్టొద్దు, బూజు పట్టినట్టు తెల్లగా అయిపోద్ది, ఆగస్టులో బాల్కనీలో కొట్టి ఒక టరెట్ (గన్ ఉండే పై భాగం) పాడుచేసుకున్నా నేను.

దుమ్ము కోసం ఎర్రమట్టి దిబ్బల్లో మట్టి తెచ్చేద్దాం అనుకుంటారేమో, వద్దు బాబూ, అది జియో హెరిటేజ్ సైటు (కాపాడాల్సిన భూగర్భ వారసత్వ స్థలం), పైగా ఈ స్కేల్‌కి ఆ ఇసక గులకరాళ్లలా కనపడుద్ది. గోధుమరంగు పాస్టెల్ చాక్ బ్లేడుతో గీకి, ఆ పొడి పాత బ్రష్‌తో చక్రాల దగ్గర అద్దండి. గన్ మూతి దగ్గర కొంచెం నల్లది.