మాట్రిక్స్‌లో కొత్త పీక్: సంక్లిష్టమా, మధ్యస్థమా, నీరా?

ఆర్గాన్ వంటి జడవాయువులో కొద్దిపాటి పదార్థాన్ని కలిపి, 10-12 కెల్విన్ వద్ద ఉంచిన కిటికీ మీద గడ్డకట్టించి, అందులో చిక్కుకున్న అణువుల పరారుణ వర్ణపటాన్ని తీసే మాట్రిక్స్ ఐసోలేషన్ పద్ధతికి 1954లో బర్కిలీలో జార్జ్ పిమెంటెల్ బృందం బాట వేసింది. బలహీనమైన హైడ్రోజన్ బంధంతో జతకట్టిన సంక్లిష్టాలనూ, గది ఉష్ణోగ్రత వద్ద నిలవని కార్బీన్ (రెండు బంధాలే ఉన్న కార్బన్), నైట్రీన్ (ఒకే బంధం ఉన్న నైట్రోజన్) వంటి మధ్యస్థాలనూ, అంటే చర్య నడుమ కొద్దిసేపే ఉండే అణువులనూ, ఇదే ఏర్పాటుతో చూడవచ్చు. రెండు పనుల్లోనూ చివరికి తేల్చవలసింది ఒక్కటే: కొత్తగా కనిపించిన పీక్ మనం వెతుకుతున్న దానిదేనా అన్నది. ఈ వ్యాసంలో పీకుల స్థానాన్ని చెప్పే తరంగ సంఖ్యలన్నీ సెం.మీ⁻¹ లలో ఉన్నాయి.

సమస్య: నీరు కలపకపోయినా నీటి పీకులు కనిపిస్తున్నాయి

ముందుగా ఆ నీరు ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. 1400-1800, 3500-3900 ప్రాంతాల్లో సన్నని గీతలు గుంపులు గుంపులుగా, ఒక వర్ణపటంలో పైకీ మరో దానిలో కిందికీ కనిపిస్తుంటే అది వర్ణపటమాపకం లోపలి గాలిలోని ఆవిరి. పొడి నైట్రోజన్‌తో మరికొంతసేపు పర్జ్ చేసి (లోపలి గాలిని తరిమి), బ్యాక్‌గ్రౌండ్‌ను (నమూనా లేని వర్ణపటాన్ని) మళ్ళీ తీసుకుంటే సరిపోతుంది. 3200 పరిసరాల్లో వెడల్పాటి గూని లాంటి ఆకారం ఉంటే అది చల్లని ఉపరితలం మీద పేరుకున్న మంచు. అసలు జాగ్రత్త పడవలసింది మూడో రకం విషయంలో, అంటే మాట్రిక్స్ లోపలే చిక్కుకున్న నీటి విషయంలో. ఆర్గాన్‌లో విడి నీటి అణువు తిరగగలదు కాబట్టి వంపు కంపనం ఒకే పీక్‌గా కాక 1608, 1624 వంటి అనేక పీకులుగా వస్తుంది. వాటి మధ్యనే 1593, 1611 వద్ద నీటి డైమర్ (రెండు నీటి అణువుల జత) పీకులు కూడా ఉంటాయి. నైట్రోజన్ మాట్రిక్స్‌లో నీరు తిరగలేదు, అందువల్ల అక్కడ విడి అణువు 1597 వద్ద ఒకే పీక్ ఇస్తుంది. ఆర్గాన్‌లో చూసిన పీకుల గుంపు నైట్రోజన్‌లో ఒకటిగా కుదించుకుపోతే, అది భ్రమణం వల్ల వచ్చిన గుంపేనని నమ్మవచ్చు.

నీరు ఎటునుంచి వస్తున్నదో తెలియాలంటే, నమూనా లేకుండా అదే గొట్టాల గుండా అంతే సమయం శుద్ధ ఆర్గాన్‌ను నిక్షేపించి వర్ణపటం తీయాలి. తరువాత వాయు ప్రవాహాన్ని ఆపి, కిటికీని చల్లగానే ఉంచి, ఒక గంట తరువాత మళ్ళీ తీయాలి. ఆపిన తరువాత కూడా నీరు పెరుగుతూ ఉంటే లోపం శూన్య గదిలో ఉంది: ఓ-రింగ్ పాడయి ఉండవచ్చు, గోడలు తేమను వదులుతూ ఉండవచ్చు. పెరగకపోతే లోపం వాయు గొట్టాలలో ఉంది. వాటిని శూన్యంలో రాత్రంతా వేడిచేసి ఆరబెట్టాలి. ఆర్గాన్‌ను ద్రవ నైట్రోజన్ ట్రాప్ గుండా పంపి ఆరబెట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 77 కెల్విన్ వద్ద పీడనం ఎక్కువైతే ఆర్గాన్ కూడా ఆ ట్రాప్‌లోనే గడ్డకడుతుంది, కాబట్టి పీడనం తక్కువగా ఉంచాలి.

గాలి లీకు ఉన్నప్పుడు ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు పరారుణంలో దాదాపుగా కనిపించవు. నీరూ, 2340 పరిసరాల్లోని కార్బన్ డయాక్సైడూ మాత్రమే వాటి రాకను పట్టిస్తాయి. ట్రిప్లెట్ కార్బీన్ల (జతకాని ఎలక్ట్రాన్లు రెండు ఉన్న కార్బీన్ల) మీద పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మాట్రిక్స్‌ను కాస్త వేడిచేయగానే కార్బీన్ కనిపించని ఆ ఆక్సిజన్‌తో కలిసి కార్బొనైల్ ఆక్సైడ్‌గా మారిపోతుంది. దాని మీద కాంతి పడితే డయాక్సిరేన్ వస్తుంది.

సమస్య: బేస్‌లైన్ ఏటవాలుగా లేదా అలలుగా ఉంది

ఎక్కువ తరంగ సంఖ్యల వైపు కాంతి ప్రసారం పడిపోతుంటే పొర మసకబారి కాంతిని చెదరగొడుతున్నదన్నమాట. నిక్షేప వేగం తగ్గించాలి, లేదా ఆర్గాన్‌ను 20 కెల్విన్ దగ్గర నిక్షేపించి ఆపైన చల్లబరచాలి. క్రమమైన అలలు మాత్రం లోపం కాదు. అవి సమతలమైన పొర రెండు ముఖాల నుంచి వచ్చే వ్యతికరణం. రెండు శిఖరాల మధ్య దూరం 50 ఉండి, వక్రీభవన గుణకం సుమారు 1.3 అయితే పొర మందం దాదాపు 77 మైక్రోమీటర్లని లెక్క తేలుతుంది, కాబట్టి వాటిని చెరిపివేసే ముందు ఒకసారి ఉపయోగించుకోవడం మంచిది.

సమస్య: అనీలింగ్ తరువాత కొత్త పీక్ వచ్చింది, కానీ అది సంక్లిష్టానిదో కాదో తెలియడం లేదు

ఆర్గాన్ మాట్రిక్స్‌ను 30-35 కెల్విన్ వరకు కొద్ది నిమిషాలు వేడిచేస్తే (దీన్నే అనీలింగ్ అంటారు) అణువులు కదిలి ఒకదానినొకటి చేరుకుంటాయి, సంక్లిష్టాల పీకులు పెరుగుతాయి. (40 కెల్విన్ దగ్గరపడితే ఆర్గాన్ పొరే కిటికీని వదిలి పోతుంది.) అయితే అదే వేడికి ఘనపదార్థంలో అణువులు చిక్కుకున్న స్థానాలు కూడా సర్దుకుంటాయి, ఒకే పదార్థపు అణువులు గుమిగూడతాయి. అందువల్ల అనీలింగ్‌లో పెరిగింది అన్న ఒక్క ఆధారంతో ఏ పీక్‌నూ సంక్లిష్టానికి కట్టబెట్టకూడదు.

మొదట చేయవలసింది, రెండు పదార్థాలను విడివిడిగా అదే పరిస్థితులలో నిక్షేపించి, అనీల్ చేసి చూడడం. ఏ ఒక్కదానితోనైనా ఆ పీక్ వస్తే అది వాటి మధ్య సంక్లిష్టం కాదు. తరువాత ఒకదాని గాఢతను స్థిరంగా ఉంచి రెండోదాన్ని ఆర్గాన్‌తో 1:2000, 1:1000, 1:500 నిష్పత్తులలో మార్చాలి. 1:1 సంక్లిష్టపు పీక్ రెండింటి గాఢతలతోనూ పెరుగుతుంది, ఒకదాని గాఢత పెంచినప్పుడే మిగిలినవాటి కంటే వేగంగా పెరిగే పీక్ 1:2 సంక్లిష్టానిది కావచ్చు. 20 కెల్విన్‌కు పెంచి తిరిగి 12కు దించినప్పుడు యథాస్థితికి వచ్చే మార్పు భ్రమణానిది. తిరిగి రాని మార్పు సంక్లిష్టానిదో, స్థాన మార్పుదో అయి ఉంటుంది. ఈ చివరి రెండింటిని వేరుచేయడానికి ఆర్గాన్ బదులు నైట్రోజన్‌లో ప్రయోగాన్ని మళ్ళీ చేయడం, భారజలంతో ఐసోటోప్ మార్పు చూడడం తప్ప దగ్గరిదారి లేదని నా అభిప్రాయం.

నీరు ఇక్కడ కూడా తన పని తాను చేస్తుంది. కాంతి విఘటనంలో కార్బన్ మోనాక్సైడ్ విడుదలయ్యే ప్రయోగాలలో, ఆర్గాన్‌లో విడి అణువు 2138 వద్ద కనిపించగా, దాని పక్కనే 2149 వద్ద మరో పీక్ కనిపించి, అది ఏదో కొత్త కీటీన్ అన్న అనుమానం రేపుతుంది. అది కార్బన్ మోనాక్సైడ్, నీరు కలిసిన సంక్లిష్టం. మాట్రిక్స్‌లో నీరు తగ్గించి మళ్ళీ చేసినప్పుడు 2149 తగ్గి 2138 నిలబడితే విషయం తేలిపోతుంది.

సమస్య: కాంతి ప్రసరించినా మధ్యస్థం కనిపించడం లేదు

పూర్వగామి (కాంతితో విడగొట్టి మధ్యస్థాన్ని తయారుచేసే మొదటి పదార్థం) పీకులు కూడా తగ్గకపోతే కాంతి నమూనాను చేరడం లేదు. 254 నానోమీటర్ల కాంతికి బయటి కిటికీ క్వార్ట్జ్‌ది అయి ఉండాలి. మామూలు గాజు ఆ కాంతిని ఆపేస్తుంది. పూర్వగామి కాస్త తగ్గి ఆగిపోతుంటే ముక్కలు మాట్రిక్స్‌లో తాము చిక్కుకున్న అదే గూటిలో తిరిగి కలిసిపోతున్నాయి, అప్పుడు అజైడ్, డయాజో సమ్మేళనాల వంటి, తిరిగి కలవని నైట్రోజన్‌ను విడిచే పూర్వగామిని ఎంచుకోవాలి.

పూర్వగామి పూర్తిగా పోయి, అనుకున్నది కాక మరొకటి వస్తే, మధ్యస్థం మీద కాంతి రెండోసారి పనిచేసింది. ఫెనైల్ అజైడ్ దీనికి మంచి ఉదాహరణ: 2100 పరిసరాల్లోని అజైడ్ పీక్ తగ్గుతుండగా ఫెనైల్ నైట్రీన్‌తో పాటు, వలయం విస్తరించిన అజాసైక్లోహెప్టాటెట్రయీన్ 1890 దగ్గర బలమైన పీక్‌తో కనిపిస్తుంది. 1978లో చాప్‌మన్, లెరూ దీనిని గుర్తించారు. ఫిల్టర్‌తో తరంగదైర్ఘ్యాన్ని పరిమితం చేసి, నిమిషానికొక వర్ణపటం తీసి, ఏయే పీకులు ఒకే నిష్పత్తిలో పెరుగుతున్నాయో గుంపులుగా విడదీయాలి. ఒక గుంపులోని పీకులన్నీ ఒకే పదార్థానివి కావచ్చు. వేర్వేరు వేగాలతో పెరిగేవి మాత్రం ఒకే పదార్థానివి కావు.

సమస్య: మధ్యస్థానికి ఇచ్చిన పీక్ దాని జంట ముక్కదేమో అన్న సందేహం

విడిపోయిన రెండు ముక్కలూ అదే గూటిలో ఉంటాయి కనుక, మధ్యస్థం కోసం చేసిన ప్రయోగం మనకు తెలియకుండానే సంక్లిష్టపు ప్రయోగం అవుతుంది. 1970లలో సైక్లోబ్యూటాడయీన్ విషయంలో జరిగింది ఇదే. ఆల్ఫా-పైరోన్ నుంచి కాంతితో దానిని తయారుచేసినప్పుడు పక్కనే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. 650 పరిసరాల్లో వచ్చిన ఒక పీక్‌ను సైక్లోబ్యూటాడయీన్‌దిగా భావించడంతో, మొత్తం పీకుల సంఖ్య చతురస్రాకార అణువుకు సరిపోయినట్టు కనిపించింది. నిజానికి ఆ పీక్ పక్కనున్న సైక్లోబ్యూటాడయీన్ ప్రభావంతో జరిగిన కార్బన్ డయాక్సైడ్ వంపు కంపనం. ఆర్గాన్‌లో విడి కార్బన్ డయాక్సైడ్ 662-664 మధ్య శోషిస్తుంది. పొరుగు అణువు ఆ సౌష్ఠవాన్ని చెడగొట్టినప్పుడు ఒక భాగం కిందికి జరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేయని పూర్వగాములతోనూ, ఐసోటోప్ గుర్తులతోనూ అది తేలిపోయింది, అణువు దీర్ఘచతురస్రాకారమని స్థిరపడింది. అందుకే సాధ్యమైన ప్రతిచోటా ఒకే మధ్యస్థాన్ని రెండు వేర్వేరు పూర్వగాముల నుంచి తయారుచేయాలి. రెండింటిలోనూ ఒకే చోట వచ్చిన పీకులనే దానికి ఇవ్వాలి.

సమస్య: చీకటిలో, చల్లగానే ఉంచినా పీక్ తగ్గిపోతోంది

ఉష్ణోగ్రత నియంత్రకాన్ని అనుమానించే ముందు రెండు కారణాలు చూడాలి. వర్ణపటమాపకపు సొంత కాంతి మూలమే అణువు రూపాన్ని మార్చగలదు. నైట్రస్ ఆమ్లంలో సిస్, ట్రాన్స్ రూపాలు పరారుణ కాంతికే మారతాయని 1963లో పిమెంటెల్ బృందమే చూపింది. స్కాన్ల మధ్య కాంతిని అడ్డుకుని చూస్తే ఇది తెలుస్తుంది. అడ్డుకున్నా తగ్గుతుంటే హైడ్రోజన్ టన్నెలింగ్ (శక్తి అవరోధాన్ని ఎక్కి దాటకుండా దాని గుండానే చొచ్చుకుపోవడం) కావచ్చు: హైడ్రాక్సీమిథిలీన్ 11 కెల్విన్ ఆర్గాన్‌లో సుమారు 2 గంటల అర్ధజీవితంతో ఫార్మాల్డిహైడ్‌గా మారిపోతుంది, ఆక్సిజన్ మీది హైడ్రోజన్‌ను డ్యుటీరియంతో (భార హైడ్రోజన్‌తో) మార్చినప్పుడు నిలిచి ఉంటుంది. డ్యుటీరియం ప్రయోగానికి తోడు, 11, 20 కెల్విన్‌ల వద్ద తగ్గుదల వేగాన్ని పోల్చాలి. వేగం పెద్దగా మారకపోతే టన్నెలింగ్ అన్న నిర్ణయానికి బలం వస్తుంది.

సమస్య: లెక్కించిన తరంగ సంఖ్యలు సరిపోవడం లేదు

బంధాలను ఆదర్శ స్ప్రింగులుగా భావించే హార్మోనిక్ లెక్కలు తరంగ సంఖ్యలను సాధారణంగా ఎక్కువ చూపిస్తాయి. బి3లిప్ (B3LYP) వంటి క్వాంటం రసాయన గణన పద్ధతులలో 0.96-0.98 మధ్య గుణకంతో సరిదిద్దుతారు. సంక్లిష్టాల విషయంలో విలువ కంటే విడి అణువు నుంచి జరిగిన దూరాన్ని పోల్చడం మేలు, ఎందుకంటే లెక్కలోని లోపాలలో చాలావరకు ఆ తీసివేతలో రద్దవుతాయి. ఒకే ఒక్క పీక్ సరిపోయిందని సంతృప్తి పడకూడదు. లెక్క బలమైన పీక్ చూపించిన చోట వర్ణపటంలో ఏమీ లేకపోతే, మిగిలినవన్నీ కలిసినా ఆ గుర్తింపును పక్కన పెట్టి, తరువాతి నిర్మాణాన్ని పరిశీలించాలి.