రుషికొండ–భీమిలి తీరంలో ఇల్లు గానీ స్థలం గానీ కొనే ముందు

విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ దాటాక జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేటల మీదుగా భీమునిపట్నం వరకు సాగే బీచ్ రోడ్డు పొడవునా నేడు భూమికి గిరాకీ ఉంది. భీమిలి 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది, రుషికొండ బీచ్‌కు 2020లో పరిశుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, మధురవాడ కొండల మీద ఐటీ కార్యాలయాలు వెలిశాయి, ఆ పైన భోగాపురం విమానాశ్రయం పేరు ప్రతి లేఅవుట్ కరపత్రంలోనూ కనిపిస్తోంది. ఇక్కడ కొనేవారిలో విశ్రాంత ఉద్యోగులు, హైదరాబాదు నుంచి సెలవుల ఇంటి కోసం వచ్చేవారు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఎక్కువ. వీరందరికీ బ్రోకరు మొదట చూపించేది సముద్రాన్ని. వీరు మొదట అడగవలసినది సర్వే నంబరును, సబ్ డివిజన్‌తో సహా.

సర్వే నంబరు చేతికి వచ్చాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అది 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో చూడాలి. జాబితాలో లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఉత్తరాంధ్ర గ్రామాలు చాలావరకు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లలో ఉండి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత సర్వే సెటిల్‌మెంట్ జరిగినవి కనుక, అటువంటి చోట్ల భూమి అసలు స్వభావం తెలిసేది ఆ సర్వేలో రాసిన మూల రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో. ఆన్‌లైన్‌లో కనిపించే నేటి రెవెన్యూ రికార్డులు 1-బి, అడంగల్ చూసి సరిపెట్టుకోకుండా, తహసీల్దారు కార్యాలయం నుంచి ఈ పాత రికార్డు నకలు తీయించాలి. అందులో ఆ నంబరు జిరాయితీ (ప్రైవేటు పట్టా భూమి) అని ఉంటే ముందుకు సాగవచ్చు. కొండ, గెడ్డ (కొండ వాగు), చెరువు, పోరంబోకు అని ఉంటే దాని మీద ఎన్ని రిజిస్టర్డ్ దస్తావేజులు నడిచినా వదిలేయడమే మేలు. పేదలకు ఇచ్చిన డీ-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం దాని అమ్మకాన్ని సాధారణంగా నిషేధిస్తుంది; ఇరవై ఏళ్లు దాటిన కేటాయింపులకు 2023 సవరణ ఇచ్చిన సడలింపును ఎవరైనా చూపితే, అది ఆ భూమికి వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోవాలి. మాజీ సైనికుల పేరిట, స్వాతంత్ర్య సమరయోధుల పేరిట కేటాయించినదని చెప్పే భూమికి కలెక్టరు ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఉండాలి, అది నిజమైనదేనని కలెక్టరు కార్యాలయంలోనే నిర్ధారించుకోవాలి. విశాఖ పరిసరాల భూ అక్రమాలపై 2017లో ఒకసారి, 2019లో మరోసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలను నియమించవలసి వచ్చిందన్న సంగతి మరువరాదు.

ఆ సర్వే నంబరు కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. స్కెచ్ కూడా తీసుకుని, లైసెన్సు ఉన్న సర్వేయరుతో స్థలం మీద కొలిపించాలి. ఆ స్కెచ్‌లో కొండ వైపు నుంచి సముద్రం వైపు ఒక సన్నని కాలువ గుర్తు ఉండి, నేల మీద మాత్రం చదును చేసిన ప్లాట్లు, సరిహద్దు రాళ్లు కనబడితే, అక్కడ గెడ్డను పూడ్చారని అర్థం. అక్టోబరు, నవంబరు వానలకు కొండ నీరు ఆ దారినే వస్తుంది. లేఅవుట్ ప్లాన్‌లో ఆ గెడ్డ ఎక్కడ చూపారో అడగండి. అధికారికంగా ఆమోదం పొందిన లేఅవుట్ అయితే ఎల్.పి. నంబరు, అంటే ఆమోద సంఖ్యతో పాటు దానికీ సమాధానం ఉంటుంది.

తరువాత చూడవలసినది తీర ప్రాంత నియంత్రణ పరిధి, అంటే సీఆర్‌జెడ్. సముద్రపు పోటు రేఖ (పోటు సమయంలో నీరు చేరే గరిష్ఠ హద్దు) నుంచి 500 మీటర్ల వరకు ఈ నిబంధనలు వర్తిస్తాయి. నగరంలో ఇదివరకే కట్టడాలు ఉన్న చోట్ల, అప్పటికే ఉన్న రోడ్డుకు గానీ అనుమతి పొందిన భవనాల వరుసకు గానీ నేల వైపున మాత్రమే కట్టడం సాధ్యం. పల్లె స్వభావం ఉన్న తీరంలో 2011 నోటిఫికేషన్ ప్రకారం పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామాలకు దీనిని 50 మీటర్లకు తగ్గించింది గానీ, దాని ప్రకారం తీర నిర్వహణ పటం ఆమోదం పొందాకే ఆ వెసులుబాటు లభిస్తుంది. అందుచేత, ‘ఇప్పుడు యాభై మీటర్లేనండీ’ అని ఎవరైనా నోటిమాటగా చెబితే, పటంలో ఆ సర్వే నంబరు ఎక్కడ పడిందో చూపించమనాలి. కేరళలోని మరడులో ఈ నిబంధనలను ఉల్లంఘించి కట్టిన నాలుగు అపార్టుమెంట్ సముదాయాలను సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో కూల్చివేశారు. వాటిలో జనం కాపురాలుండేవారు. రుషికొండ మీద ప్రభుత్వం చేపట్టిన పర్యాటక నిర్మాణాలే కోర్టుకెక్కాయంటే, ప్రైవేటు విల్లాకు ప్రత్యేక రక్షణ ఏదో ఉంటుందని అనుకోవడం అత్యాశ.

ఈ తీరంలో ఇంకా కొన్ని హద్దులున్నాయి. యెండాడ, మధురవాడ వైపు కంబాలకొండ అభయారణ్యం ఉంది. భీమిలి దారిలో బావికొండ, తొట్లకొండ బౌద్ధ క్షేత్రాలు, ఎర్రమట్టి దిబ్బలు, నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉన్నాయి. వీటికి దగ్గరలో కొనేటప్పుడు అటవీ, పురావస్తు, రక్షణ శాఖల అభ్యంతరాలు లేవని రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఫ్లాటు కొనేవారు పై పరిశీలన అంతా ఆ భవనం నిలిచిన భూమికి చేయించి, ఆపై రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టుకు అది తప్పనిసరి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. ధరను కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకోగల వైశాల్యం, మీద లెక్కకట్టి పోల్చుకోవాలి, దస్తావేజులో మీకు వచ్చే భూమి అవిభాజ్య వాటా ఎన్ని గజాలో చూసుకోవాలి. సీ వ్యూ పేరిట అదనంగా వసూలు చేస్తుంటే, సముద్రానికీ మీ బాల్కనీకీ నడుమ ఉన్న ఖాళీ స్థలం ఎవరిదో, అందులో ఎన్ని అంతస్తులకు అవకాశం ఉందో తేల్చుకోకుండా ఆ సొమ్ము చెల్లించవద్దు. నా దృష్టిలో రోడ్డుకు ఆనుకున్న మొదటి వరుస కంటే, ఎత్తు మీద కాస్త వెనుకగా ఉన్న ఇల్లే ఎక్కువ కాలం సుఖంగా ఉంటుంది.

కట్టి కొన్నేళ్లయిన ఇంటికి ఉప్పుగాలి ఏం చేసిందో కళ్లారా చూడండి. బాల్కనీ రెయిలింగు అతుకుల దగ్గర రంగు ఉబ్బి, గోటితో గీకితే ఎర్రటి పొడి రాలుతోందా? శ్లాబు అడుగున సన్నని పగుళ్ల వెంట తుప్పు మరక దిగిందా? రాలితే రెయిలింగు మార్చుకోవచ్చు గానీ, శ్లాబు లోపలి ఇనుము తుప్పు పట్టడం మొదలైతే మరమ్మతు ఖర్చు భారీగా ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా ముందుకు వెళ్లకూడదు. బోరు నీటిని నోట పోసుకుని చూడండి, వేసవిలో అయితే మరీ మంచిది. ఉప్పగా ఉంటే మునిసిపల్ కుళాయి ఉందా, రోజూ ట్యాంకరేనా అని కాపలాదారును అడిగితే నిజం తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏమైందో ఇరుగుపొరుగును అడగండి. ఒకసారి ఆదివారం సాయంత్రం కూడా వెళ్లి రండి. పర్యాటకుల వాహనాలతో ఆ రోడ్డు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. హోమ్‌స్టేగా అద్దెకిచ్చే ఆలోచన ఉంటే, ఓనర్ల సంఘం నియమావళి అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందే చదవాలి.

దస్తావేజుల విషయంలో లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులన్నీ, అసలువి చూడాలి, కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాలి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే లభిస్తుంది కనుక అంతకు ముందరిది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడగాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతున్నవారైతే, అది ఇచ్చిన యజమాని జీవించి ఉన్నారా, దానిని రద్దు చేశారా అన్నది విచారించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం ఖర్చుగా లెక్క వేసుకోవాలి. ధర 50 లక్షల రూపాయలు లేదా అంతకు మించితే కొనుగోలుదారే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) మినహాయించి కట్టాలి. అమ్మేవారు ప్రవాసులైతే ఈ శాతం వర్తించదు, అంతకన్నా చాలా ఎక్కువ మినహాయించవలసి ఉంటుంది కనుక ఆడిటరును సంప్రదించాలి. ప్రవాస భారతీయులు ఇళ్లు, ఇంటి స్థలాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనరాదు. భీమిలి అవతల ‘ఫామ్ ప్లాట్’ పేరుతో అమ్మేవి తరచూ ఈ కోవకే చెందుతాయి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ భారతదేశం చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు డ్యూటీ చెల్లించాలి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరిట మార్పించుకోవాలి. ఖాళీ స్థలమైతే వెంటనే ప్రహరీ కట్టి, ఖాళీ స్థలం పన్ను రసీదులు భద్రపరచి, ఏడాదికొకసారి కొత్త ఈసీ తీసి చూసుకోవాలి.