ఎడిట్ చేసిన ల్యాండ్‌స్కేప్ ఫొటో "ఫేక్" అంటున్నారా? తేడా ఎక్కడ కొట్టిందో చూద్దాం

మైపాడు బీచ్‌లో ఒక సాయంత్రం ఐదు గంటలప్పుడు పడవల ఫొటో తీశాను. ఆకాశం చప్పగా ఉంది కదా అని ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రెడీమేడ్ ఆకాశాన్ని అతికించాను. ఎర్రటి మబ్బులు, నీళ్లకి జానెడు పైన సూర్యుడు, ఇక అదిరిపోయింది అనుకున్నా. మర్నాడు అక్కడే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి ఫోన్‌లో చూపిస్తే ఆయన సూర్యుణ్ని చూడనే లేదు, పడవ నీడ మీద వేలు పెట్టి "సూర్యుడు ఎదురుగా ఉంటే నీడ కూడా ఎదురుగానే పడుద్దా అబ్బయా?" అన్నాడు. పడదు. ఆ సాయంత్రం సూర్యుడు నా వెనక నెల్లూరు వైపు ఉన్నాడు, నీడలన్నీ సముద్రం వైపు సాగాయి, నేనేమో సూర్యుణ్ని తీసుకొచ్చి సముద్రంలో కూర్చోబెట్టా.

సర్రియల్ ఎడిటింగ్ (కావాలనే కలలా, నిజం కానట్టు మార్చడం) తప్పని నేను అనను, నేనూ చేస్తాను. కానీ ఉన్నది ఉన్నట్టు తీశానని చూపిస్తూ వెలుతురు లెక్క తప్పితే మాత్రం చూసేవాడి కన్ను పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే. కాబట్టి ఫొటోలో కనిపించే లక్షణం నుంచి వెనక్కి వెళ్దాం. స్లైడర్ల (అటూ ఇటూ జరిపి ఫొటోని మార్చే మీటల) పేర్లు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌వి చెబుతున్నా, మిగతా యాప్‌లలో కూడా దాదాపు ఇవే ఉంటాయి.

కొత్త ఆకాశం అతుకు వేసినట్టు కనిపిస్తోంది

కారణం పైన చెప్పిందే, నీడల దిక్కు. రెండోది రంగు: ఆకాశం నారింజ రంగులో మండుతుంటే కింద ఇసుక మధ్యాహ్నంలా తెల్లగా ఉండటం. ముందు నీడలు ఎటు పడ్డాయో చూసుకుని, సూర్యుడు దానికి ఎదురు పక్కన ఉన్న ఆకాశాన్ని ఎంచుకోండి, లేదంటే అసలు సూర్యుడే లేని మబ్బులు వాడండి. తర్వాత నేల భాగానికి మాస్క్ వేసి (అంటే మార్పు ఆ భాగం మీదే పడేలా చేసి) టెంపరేచర్ స్లైడర్ కొంచెం వెచ్చటి రంగు వైపు జరపండి.

చంద్రుణ్ని అతికించేవాళ్లకి ఒక లెక్క. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటాడు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (సెన్సార్ వెడల్పు 36 ఎంఎం ఉండేది) 24 ఎంఎం లెన్స్ పెట్టి తీసిన, 6000 పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఫొటోలో ఆయన వెడల్పు సుమారు 35 పిక్సెళ్లు, అంతే. ఉదయగిరి కొండ మొత్తం ఫ్రేములో పట్టించి, దాని నెత్తిన అన్నం పళ్లెం అంత చంద్రుణ్ని పెడితే ఎవరు నమ్ముతారు? పెద్ద చంద్రుడు కావాలంటే కొన్ని కిలోమీటర్లు దూరం జరిగి 400 ఎంఎంతో తీయాల్సిందే, అప్పుడు కొండలో ఒక ముక్కే వస్తుంది.

తాటిచెట్ల చుట్టూ తెల్లటి గీత

దీన్ని హాలో అంటారు. క్లారిటీ (అంచుల దగ్గర కాంట్రాస్ట్ పెంచే స్లైడర్) ఎక్కువ వేసినా, స్నాప్‌సీడ్ యాప్‌లో హెచ్‌డీఆర్ స్కేప్ ఫిల్టర్ చివరిదాకా లాగినా, హైలైట్స్ (వెలుతురు భాగాలు) మైనస్ వందకి, షాడోస్ (చీకటి భాగాలు) ప్లస్ వందకి తోసినా ఇదే వస్తుంది. చీకటి, వెలుతురు కలిసే చోట సాఫ్ట్‌వేర్ రెండు పక్కలా కాంట్రాస్ట్ పెంచుతుంది, తాటాకు అంచు దానికి సరిగ్గా దొరికిపోతుంది. క్లారిటీ సున్నాకి తెచ్చి, కావాలంటే సన్నటి వివరాలు మాత్రమే పెంచే టెక్స్చర్‌తో సరిపెట్టుకోండి. ఆకాశానికీ నేలకీ వెలుతురు తేడా మరీ ఎక్కువ ఉంటే ఒకే ఫొటోని పిండకుండా, ట్రైపాడ్ మీద ఆకాశానికి ఒకటి, నేలకి ఒకటి సరిపోయేలా రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలపండి.

ఏదో తేడాగా ఉంది, ఏంటో తెలియట్లేదు

నీళ్లున్న ఫొటో అయితే ముందు నీళ్లు చూడండి. పెన్నా ఒడ్డున తీసిన ఫొటోకి పైనుంచి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (కిందకి వచ్చేకొద్దీ ప్రభావం తగ్గే మాస్క్) లాగి ఆకాశం ముదురు చేస్తాం, కింద నీళ్లని వదిలేస్తాం. అప్పుడు ఆకాశం కంటే దాని ప్రతిబింబమే తెల్లగా మెరుస్తుంది. ఇది జరిగే పని కాదు, నీళ్లు తమ మీద పడిన వెలుతురు మొత్తాన్ని తిరిగి పంపవు, కాబట్టి ప్రతిబింబం ఎప్పుడూ అసలు కంటే ఒక పిసరు చీకటిగానే ఉంటుంది. నీళ్ల మీద ఇంకో మాస్క్ వేసి, ఆకాశం కంటే పావు స్టాపో అర స్టాపో తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). అదే ఫిల్టర్ రంగనాయకుల గుడి గాలిగోపురం మీద కూడా పడి పైఅంతస్తులకి మసి పూసినట్టు చేస్తుంది, మాస్క్‌లోంచి గోపురాన్ని తీసేయండి.

కొండలు దగ్గరికొచ్చి మీద పడ్డట్టున్నాయి

సోమశిల డ్యామ్ మీద నిలబడితే వెలికొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి, ముందు వరస ముదురుగా, దాని వెనకది నీలంగా, ఇంకా వెనకది ఉందా లేదా అన్నట్టు. ఆ పలచబడటమే మన కంటికి దూరం చెప్పేది. డీహేజ్ (పొగమంచు తగ్గించే స్లైడర్) నలభైకి పెట్టగానే సాఫ్ట్‌వేర్ ఆ పొగమంచుని మురికి అనుకుని తుడిచేస్తుంది, మూడు వరసలూ ఒకే గోడ అయిపోతాయి, పైగా నీలం రంగు ఎక్కువై, సెన్సార్ మీద దుమ్ము చుక్కలు కూడా బయటపడతాయి. చాలామంది ఇక్కడ డీహేజ్‌ని ఇరవైకి తగ్గించి ఊరుకుంటారు, అది సగం వైద్యం. మొత్తం ఫొటో మీద దాన్ని సున్నా చేయండి, దగ్గర్లో ఉన్న రాళ్లకి, పొదలకి మాత్రం మాస్క్‌తో పది పదిహేను ఇవ్వండి, చివరి వరస కొండల మీద మైనస్ ఐదు పెట్టి చూడండి. డీహేజ్‌ని వెనక్కి కూడా లాగొచ్చన్న సంగతి నాకే చాలా ఆలస్యంగా తెలిసింది.

వరి పొలం రేడియం స్టిక్కర్‌లా వెలుగుతోంది

మొలగొలుకులు వేసినా ఇంకేం వేసినా వరి ఆకులో పసుపు ఉంటుంది, అందుకే గ్రీన్ స్లైడర్ కంటే ఎల్లో స్లైడర్‌కే పొలం ఎక్కువగా కదులుతుంది. మొత్తం ఫొటో శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోకుండా, పలచటి రంగుల్నే ఎక్కువగా పెంచే వైబ్రెన్స్ కొద్దిగా పెంచి, ఎల్లో శాచురేషన్ పది పదిహేను తగ్గించండి.

ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు

జేపెగ్‌ని పిండారు. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి అందులో, 14 బిట్ రా ఫైల్‌లో (కెమెరా సెన్సార్ పట్టిన సమాచారం దాదాపు అలాగే ఉండే ఫైల్) 16384. రా తీయండి, 16 బిట్‌లో ఎడిట్ చేయండి. పాత జేపెగ్ తప్ప వేరే దారి లేకపోతే చివర్లో సన్నటి గ్రెయిన్ చల్లండి, చారలు కొంత కలిసిపోతాయి.

కంప్యూటర్‌లో బాగుంది, పోస్ట్ చేస్తే పాలిపోయింది

అడోబ్ ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో (ఫైల్‌లో రంగులు రాసే పద్ధతి) ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటారు. వెబ్‌కి సరిపడే ఎస్ఆర్‌జీబీకి మార్చండి.

నల్లరాయి బూడిద రంగైపోయింది

చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ క్వారీల ఫొటోల్లో ఇది మామూలే. గోతిలో నీడ ఎక్కువ కదా అని షాడోస్ లాగేస్తాం, రాయి సిమెంట్ దిమ్మలా తయారవుతుంది, నాయిస్ (చీకటిని లేపితే వచ్చే రంగు రవ్వల) చుక్కలేవో రాయిలోని బంగారు రంగు మెరుపులేవో తెలియదు. షాడోస్ ఎంత లేపినా బ్లాక్స్ స్లైడర్ (అన్నిటికంటే ముదురు భాగాలది) మాత్రం కిందకే ఉంచండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, ఎడమ అంటే నలుపు) ఎడమ గోడకి కొంచెం తగిలితే తగలనివ్వండి, రాయి రంగే అది.

సర్రియల్‌గా చేద్దామనుకున్నా, చెడిపోయిన ఫొటోలా ఉంది

ఇది ఎదురు రోగం: భయపడుతూ సగం చేయడం. ఆకాశం కొంచెం ఊదా, గడ్డి కొంచెం నీలం అంటే చూసేవాళ్లు వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపే సర్దుబాటు) తప్పిందనుకుంటారు. 1927లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే రాతి కొండని మొదట పసుపు ఫిల్టర్‌తో తీసి, తన మనసులో ఉన్నది అది కాదనిపించి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టి మళ్లీ తీశాడు, పగటి ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఆకాశం కొంచెం నల్లబడితే చాల్లే అని మధ్యలో ఆగిపోలేదు, అదీ బటన్ నొక్కకముందే తేల్చుకున్నాడు.

మనమూ అంతే, స్లైడర్లతో కాకుండా తీసేటప్పుడే మొదలుపెట్టాలి. కొత్తపట్నం బీచ్‌లో తెల్లవారుజామున సెకనులో 30వ వంతు ఎక్స్‌పోజర్ వస్తుందనుకోండి, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే నల్లటి గాజు) పెడితే అది దాదాపు 34 సెకన్లవుతుంది, అలలు పొగలా పరుచుకుంటాయి. అప్పుడు దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసినా, రంగు మొత్తం ఒకే నీలానికి తిప్పినా ఎవరూ "ఫేక్" అనరు, ఎందుకంటే అది నిజంలా నటించట్లేదు. చాలా కెమెరాల్లో 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపు ఎక్స్‌పోజర్ సాగేది) కావాలి, రిమోట్ మర్చిపోవద్దు. అల వెనక్కి వెళ్లినప్పుడల్లా ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలోకి దిగిపోతుంటాయి, ముందే బలంగా గుచ్చి, రెండు అలలు వచ్చిపోయాక నొక్కండి.