రాగి మీద స్టీల్ ప్రింట్ చేస్తే అతుకు దగ్గర పగులుతోందా?

ప్లాస్టిక్ వస్తువులు పోసే అచ్చులో బిగించే లోహపు ముక్క (మోల్డ్ ఇన్సర్ట్) త్వరగా చల్లబడాలంటే లోపల రాగి కావాలి, అరక్కుండా ఉండాలంటే పైన హెచ్13 టూల్ స్టీల్ కావాలి. పౌడర్‌ను నాజిల్‌తో ఊదుతూ లేజర్‌తో కరిగించే డీఈడీ మెషిన్‌కి (ఒక రకం లోహపు 3డీ ప్రింటర్) రెండు హాపర్లు (పౌడర్ డబ్బాలు) ఉంటే రెండూ ఒకే సెటప్‌లో వేసేయొచ్చు. చిక్కంతా రెండూ కలిసే చోటే.

సమస్య 1: అతుకు దగ్గర పగుళ్లు

లేజర్ పవర్ మీద చెయ్యి వేయకండి. ముందు ముక్కను నిలువుగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద పెట్టండి. పగులు లోపల ఎర్రటి గీత కనిపిస్తే అది రాగి. స్టీల్ 1400 డిగ్రీల అటూ ఇటూగా గట్టిపడిపోతుంది. రాగి మాత్రం 1085 దాకా ద్రవంగానే ఉంటుంది. ఈలోగా స్టీల్ ముడుచుకుంటూ తనలోని స్ఫటిక రేణువుల (గ్రెయిన్స్) హద్దుల దగ్గర లాగబడుతుంది, ఆ సందుల్లోకి రాగి దూరిపోతుంది.

ఇలా జరిగినప్పుడు చాలామంది 90-10, 80-20 పాళ్లలో కలుపుతూ రాగి నుంచి స్టీల్‌కి మెల్లగా మారుద్దామని చూస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రాగి, ఇనుము కరిగినప్పుడు కలిసినట్టే ఉండి, చల్లారేటప్పుడు వేరు కాపురం పెడతాయి. మెల్లగా మారడమంటే పగిలే మిశ్రమంతోనే ఇంకో పది పొరలు వేయడం.

మందు నికెల్. రాగితో ఏ పాళ్లలోనైనా కలిసిపోతుంది, ఇనుముతోనూ పేచీ లేదు. రాగి మీద రెండు మూడు పొరల నికెల్ వేసి, ఆపైన స్టీల్ మొదలుపెట్టండి. స్టీల్ మొదటి పొరకి పవర్ తగ్గించాలి. నికెల్ మొత్తం కరిగిపోయేంత లోతుకు వెళ్తే కింది రాగి మళ్లీ పైకి వచ్చేస్తుంది, నికెల్ వేసీ లాభం లేదు.

పగులులో ఎరుపే లేకపోతే కథ వేరు. మాకు ఒక ముక్క ప్రింట్ అయ్యాక బాగానే ఉంది; టీ తాగి వచ్చేసరికి టిక్‌మని చప్పుడు, అంచు నుంచి అంచుకి గీత. సుమారు 300 డిగ్రీల కిందికి వస్తే హెచ్13 మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారి పెళుసెక్కుతుంది. బేస్‌ని ముందే 300 పైన వేడిచేసి, పని అయ్యేదాకా అలాగే ఉంచి, తర్వాత ఇన్సులేషన్ కప్పి నిదానంగా చల్లార్చండి. ఆలస్యం చేయకుండా టెంపరింగ్‌కి (పెళుసు తగ్గేలా మళ్లీ కొంత వేడిచేయడం) పంపండి.

హార్డెనింగ్ (బాగా వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం) చేద్దామని మాత్రం ఫర్నేస్‌లో పెట్టకండి. హెచ్13కి 1020 డిగ్రీల దాకా వేడి కావాలి, రాగి కరగడానికి ఇంకో 65 డిగ్రీలే మిగులుతుంది. ప్రింట్‌లోనే స్టీల్ గట్టిపడి వస్తుంది కాబట్టి టెంపరింగ్ చాలు.

సమస్య 2: రాగి పరుచుకోకుండా గుండ్లు గుండ్లుగా పడటం

మామూలు ఫైబర్ లేజర్ ఒక మైక్రాన్ దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతి. మెరిసే రాగి అందులో చాలా భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. మిగిలిన వేడినీ చుట్టూ లాగేసుకుంటుంది. పవర్ ఒక్కసారిగా పెంచితే కరగనంతసేపు కరగదు, కరిగిందంటే లోపల బుడగలు మిగులుతాయి. వెనక్కి తిరిగిన కాంతి ఆప్టిక్స్‌నీ పాడుచేస్తుంది. ముక్కను ముందే వేడిచేయండి, లేజర్ హెడ్‌ని కొద్దిగా వంచండి. గ్రీన్ లేజర్ ఉంటే ఇంత తంటా లేదు, ఖర్చు సంగతి వేరే.

సమస్య 3: స్టీల్ మధ్యలో మెత్తటి మచ్చలు

హాపర్ మార్చినా గొట్టంలో ఉన్న పాత పౌడర్ ఇంకాసేపు వస్తూనే ఉంటుంది. నాజిల్‌ని పక్కకు జరిపి, గొట్టం ఖాళీ అయ్యేదాకా గ్యాస్ ఊది, అప్పుడు ముక్క మీదికి రండి. ట్రేలో మిగిలిన పౌడర్‌ని మళ్లీ స్టీల్ డబ్బాలో పోయకండి, జల్లెడ పట్టినా రెండూ విడిపోవు. వేరే డబ్బాలో పోసి మూత మీద రాసి పెట్టండి, లేకపోతే నైట్ షిఫ్ట్ వాళ్లు అదే వాడేస్తారు.