విదేశం వెళ్లేముందు నెట్ కాల్ సంగతి చూసుకోండి

దుబాయ్‌లో దిగగానే ఇంటికి వాట్సాప్ కాల్ చేద్దామనుకుంటే కుదరదు. మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు. ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడొద్దు. యూఏఈలో అనుమతి ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్స్ చేసుకోవాలి. బోటిమ్ అలాంటిదే. అది మీ ఒక్కరి ఫోన్‌లో ఉంటే చాలదు. అమ్మానాన్నల ఫోన్‌లో కూడా బయల్దేరకముందే వేసి, పక్క గదిలోంచి ఒకసారి కాల్ చేయించి చూడండి. ఓటీపీ వచ్చే సిమ్ చేతిలో ఉండగానే ఈ పని తేలిక.

వీపీఎన్ (ఫోన్ వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకుంటే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. దయచేసి ఆ జోలికి పోకండి. నేరం చేయడానికో, దాచడానికో దాన్ని వాడితే అక్కడి 2021 నాటి చట్టం ప్రకారం జరిమానా 5 లక్షల దిర్హామ్‌ల నుంచి మొదలవుతుంది.

పాత సమాచారాన్నీ నమ్ముకోవద్దు. మొరాకోలో 2016 జనవరిలో ఈ కాల్స్ ఆపేశారు, అదే ఏడాది చివర్లో మళ్లీ అనుమతించారు. సౌదీ 2017లో చాలా యాప్‌లకు దారి ఇచ్చింది. అందుకే టికెట్ తీసుకున్నాక మరోసారి చూసుకోవాలి.

అమెరికాలో ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్ వాడేవాళ్లకు ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. ఇల్లు మారితే ఆ ఫోన్ ఖాతాలో అడ్రస్ వెంటనే మార్చండి. అక్కడి అత్యవసర నంబర్ 911కి చేసినప్పుడు వాళ్లకు కనిపించేది మీరు నమోదు చేసిన అడ్రసే. మార్చకపోతే అంబులెన్స్ పాత ఇంటి గుమ్మం ముందు ఆగుతుంది.